విక్షనరీలో ‘వెళ్ళాడు’ దొరకకపోవడానికి కారణం

అందరూ కలిసి రాసే ఆన్‌లైన్ నిఘంటువైన విక్షనరీలో ‘వెళ్ళాడు’ అని వెతికితే ‘ఫలితాలు లేవు’ అని వచ్చిందనీ, ఆ పదానికి కన్నడ సమానార్థకం కూడా కావాలనీ మీరు అడిగారు. ‘వెళ్ళాడు’ అనేది క్రియ యొక్క మారిన రూపం. విక్షనరీలో పేజీలు సాధారణంగా పదం మూలరూపంతోనే ఉంటాయి కనుక, ‘ఫలితాలు లేవు’ అని కనిపించినంత మాత్రాన ఆ పదం నిఘంటువులో లేదని అనుకోనవసరం లేదు.

1. క్రియను ‘వెళ్ళు’, ‘చేయు’, ‘తిను’ రూపంలో వెతకండి. నామవాచకమైతే విభక్తిని, బహువచనాన్ని తీసివేసి, ‘పుస్తకాలలో’ బదులు ‘పుస్తకం’ అనీ, అది దొరకకపోతే ‘పుస్తకము’ అనీ ప్రయత్నించండి.

2. ఎక్కువమంది వదిలేసే మెట్టు ఇదే. ‘వెళ్ళు’, ‘వెళ్లు’ మన కంటికి ఒకే పదం, కంప్యూటరుకు మాత్రం రెండు వేర్వేరు అక్షర వరుసలు. ‘పెళ్ళి’, ‘పెళ్లి’ విషయమూ అంతే. ఎవరు పేజీ సృష్టిస్తే వారి అలవాటు ప్రకారం శీర్షిక ఉంటుంది, అది సమష్టి కృషిలో సహజమే. అందుచేత వెతుకుపెట్టెలో ‘వెళ’ వరకే టైపు చేసి ఆగండి; తేడా వచ్చే ఒత్తుకు ముందే ఆగుతారు కనుక, రెండు వర్ణక్రమాలలో ఏది ఉన్నా కింద జారే సూచనలలో కనిపించే అవకాశం ఉంటుంది. అక్కడ కనబడకపోతే, ప్రత్యేక పేజీలలోని ‘అన్ని పేజీలు’ తెరచి, అవే అక్షరాలతో మొదలయ్యే శీర్షికలను వరుసగా చూడండి.

3. మీరు అడిగిన కన్నడ సమానార్థకం కోసం ఇతర భాషల విక్షనరీలకు తీసుకువెళ్ళే జాబితాలోని ‘కన్నడ’ను నొక్కకండి. ఆ లింకు కన్నడ విక్షనరీలో అదే వర్ణక్రమం గల పేజీకి తీసుకువెళ్తుంది, అనువాదానికి కాదు. పదం పేజీలోనే ఉండే ‘అనువాదాలు’ విభాగాన్ని చూడండి.