గేటు బయట మజ్జిగ, వార్డు బయట నాలుగు మాటలు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: చెన్నై పెరంబూరులో మాది 24 ఇళ్ళ అపార్ట్‌మెంటు. కర్తరి ఎండల్లో డెలివరీ కుర్రాళ్ళకీ, వీధులు ఊడ్చే ఆడవాళ్ళకీ మజ్జిగ, మంచినీళ్ళు పెడదామనుకుంటున్నాం. కిందటేడు పెడితే కుండనీళ్ళు చల్లబడలేదు, మజ్జిగ మధ్యాహ్నానికే పులిసింది, నాలుగు రోజులకి ఎవరూ రావడం మానేశారు. ఈసారి ఏం మార్చుకోవాలి?
– ఒక గృహిణి

జవాబు: ముందు చోటు మార్చండి. లోపల లిఫ్టు పక్కన పెడితే బయటివాళ్ళు అడుగుపెట్టడానికి మొహమాటపడతారు. డెలివరీ కుర్రాళ్ళయితే బండి దిగే తీరికలో కూడా ఉండరు. గేటు బయట, నీడపట్టున, బండి మీద కూర్చునే చెయ్యి చాపితే అందేంత ఎత్తులో బల్ల వెయ్యండి. 'ఎల్లోరుం కుడిక్కలాం' (అందరూ తాగవచ్చు) అని తమిళంలో, కిందనే హిందీలో పెద్ద అక్షరాలతో రాసి కట్టండి. తాగవచ్చో లేదోనన్న అనుమానంతోనే చాలామంది దాటిపోతారు.

ఇక కుండ. కుండ ఒంటి మీదనుంచి నీరు ఆవిరైతేనే లోపలి నీళ్ళు చల్లబడతాయి. చెన్నై గాలిలో తేమ ఎక్కువ, ఆవిరి నెమ్మది. అందుకే కర్నూలు ఎండలో చల్లబడ్డట్టు ఇక్కడ చల్లబడవు. గాలి ఆడే చోట తడి ఇసుక మీద కుండ నిలిపి, చుట్టూ నూలుగుడ్డ చుట్టి తడుపుతూ ఉంటే కొంత నయం. కొత్త కుండను ఒక రోజంతా నానబెట్టి, మొదటి రెండు మూడు సార్లు పోసిన నీళ్ళు పారబొయ్యాలి. ఉప్పటి బోరునీళ్ళు పోయకండి, తెల్లటి పొర కట్టి మట్టిలోని సన్నరంధ్రాలు మూసుకుపోతాయి. సబ్బు కూడా వద్దు, మట్టి దాన్ని పీల్చుకుంటుంది. కొబ్బరిపీచు చాలు. సాయంత్రం మిగిలిన నీళ్ళు మొక్కలకు పోసి, లోపలి గోడలు రుద్ది కడగండి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకే అంటుకుని ఉంటాయి, నీళ్ళు పారబోసినంత మాత్రాన పోవు. పగలంతా మూత ఉండాలి, ముంచడానికి పొడుగు కాడ గరిటె ఉండాలి.

మజ్జిగకు లీటరు పెరుగు, నాలుగు లీటర్ల కాచి చల్లార్చిన నీళ్ళు, మూడు చెంచాల ఉప్పు, 30 గ్రాముల అల్లం, రెండు పచ్చిమిర్చి, రెండు రెబ్బల కరివేపాకు. అల్లం, మిర్చి, కరివేపాకు దంచి, కాసిని నీళ్ళలో కలిపి వడగట్టిన రసం మాత్రమే పొయ్యండి. పిప్పి పడితే స్టీలు డబ్బా కుళాయి మూసుకుపోతుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసులు పాతిక వస్తాయి. పులవడానికి కారణం పొద్దున్నే ఒకేసారి కలిపి పెట్టడం. పదకొండున్నరకు సగం, ఒకటిన్నరకు సగం కలపండి, పెరుగు అప్పటిదాకా ఫ్రిజ్‌లోనే ఉండనివ్వండి. ఐసు ఇంట్లో గడ్డకట్టించిందే వాడండి. చేపల కోసం తయారయ్యే దిమ్మ ఐసు తాగడానికి పనికిరాదు. బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు మజ్జిగ వద్దంటారు, కనుక పక్కన మంచినీళ్ళు తప్పనిసరి.

గ్లాసులు స్టీలువే, ఒక పదిహేను. వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులను తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి నిషేధించారు. కడగడానికి రెండు తొట్లు పెట్టి, గంటకోసారి నీళ్ళు మార్చే పని ఎవరిదో రోజువారీగా ముందే రాసుకోండి. ఇలాంటివి ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఒక మాట మీరు అడక్కపోయినా చెప్పాలి. వీధులు ఊడ్చే ఆడవాళ్ళలో చాలామంది మరుగుదొడ్డి దొరకదన్న భయంతో నీళ్ళే తక్కువ తాగుతారు. సెక్యూరిటీవాళ్ళ టాయిలెట్ వాడుకోమని, అసోసియేషన్‌లో ఒప్పించి, వాళ్ళకి నోటితో చెప్పండి. నా లెక్కలో అది మజ్జిగ కంటే పెద్ద సాయం. వాళ్ళ పని తెల్లవారగానే మొదలవుతుంది, అందుచేత నీళ్ళు మాత్రం ఆరింటికే సిద్ధంగా ఉండాలి.

ఎవరైనా ఎండకు తూలి, మాట తడబడుతూ, ఒళ్ళు కాలిపోతుంటే 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరండి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో ఏదీ పోయవద్దు.

ప్రశ్న: సెంట్రల్ స్టేషన్ ఎదుట ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చేవాళ్ళు తమిళం రాక తికమకపడుతుంటారు. వారానికి ఒక పూట కేటాయించగలను. డబ్బు ఇవ్వడం తప్ప ఏం చెయ్యవచ్చు?
– ఒక విశ్రాంత ఉద్యోగి, షావుకారుపేట

జవాబు: డబ్బు కంటే మీ తమిళం వాళ్ళకు ఎక్కువ అవసరం. పోస్టుకార్డంత అట్టముక్క మీద రెండు లిపుల్లో రాసివ్వండి: రోగి పేరు, ఓపీ నంబరు, వార్డు, ఏ అంతస్తు, తోడున్నవారి ఫోన్ నంబరు. కింద 'ఎనక్కు తమిళ్ తెరియాదు, తెలుంగు తెరిందవర్ ఇరుక్కారా?' (నాకు తమిళం రాదు, తెలుగు తెలిసినవారు ఉన్నారా?) అని తమిళ లిపిలో. మీరు వెళ్ళిపోయాక కూడా అది పనికొస్తుంది.

డాక్టరు మాట తెలుగులో చెప్పాల్సివస్తే అన్నది అన్నట్టే చెప్పండి. భయపడతారని తగ్గించి చెప్పడం, మీకు తెలిసిన వైద్యం జోడించడం, రెండూ హాని చేస్తాయి. ఆపరేషన్ సమ్మతి పత్రం దగ్గరైతే మీరు తప్పుకుని, తెలుగు వచ్చిన నర్సును పిలిపించమని అడగండి.

రోగికి తిండి తీసుకెళ్ళవద్దు, పథ్యం మీకు తెలియదు. తోడున్నవారికైతే పులిహోర మేలు. పెరుగన్నమైతే గ్లాసుడు బియ్యానికి రెండు గ్లాసుల కాచిన పాలు, రెండు చెంచాల పెరుగు కలపండి, నాలుగైదు గంటల తర్వాత కూడా కమ్మగా ఉంటుంది. 2013లో మొదలైన అమ్మ ఉణవగం (చౌక భోజనశాల) ఎక్కడుందో చూపించండి. ఇడ్లీ రూపాయికి, సాంబారన్నం 5కి, పెరుగన్నం 3కి పెట్టడానికే వాటిని తెరిచారు. ఇవి కాక బట్టలారేసుకునే మూడు మీటర్ల తాడు, మగ్గు, సబ్బు, దుప్పటి ఒక సంచిలో పెట్టి ఇస్తే మొదటి రాత్రి గడిచిపోతుంది. ఇచ్చేముందు 'అమ్మా, ఇది ఉంచుకుంటారా?' అని అడగండి. ఫోటోలు వద్దే వద్దు.

ప్రశ్న: ఎదురింట్లో 80 దాటిన మామ్మగారు ఒక్కరే ఉంటారు, పిల్లలు అమెరికాలో. రోజూ వెళ్ళి పలకరించాలని ఉంది, ఉద్యోగం వల్ల కుదరదేమో.
– కోడంబాక్కం

జవాబు: రోజూ వద్దు. నాలుగు రోజులు వెళ్ళి మానేస్తే, తలుపు వైపు చూస్తూ కూర్చునేది ఆవిడే. వారానికి ఒక రోజు, ఒకే వేళ, అరగంట చాలు. చేతిలో పండ్లతో కాకుండా ఒక పనితో వెళ్ళండి: ఆవకాయ పాళ్ళు అడగండి, పక్కన కూర్చోబెట్టుకుని కలపండి. ఆవిడది కేంద్ర ప్రభుత్వ పింఛనైతే, బతికే ఉన్నామని ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం 80 దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు, 80 నిండని కేంద్ర పింఛనుదారులకు అది నవంబరులో. ఫోన్లో ముఖం చూపించి చేసేటప్పుడు కిటికీ వైపు తిరిగి కూర్చోబెట్టండి, కళ్ళజోడు తీయించండి, రెప్పలు నెమ్మదిగా ఆర్పమనండి. వెలుతురు వెనకనుంచి పడితే ముఖం గుర్తుపట్టదు. ఓటీపీ మాత్రం ఆవిడ చేతే కొట్టించండి.