వంటింటి సందేహాలు: మాంసంలో ప్రోబ్, చేతిలో ఫోన్

ప్రశ్న: ఈసారి థాంక్స్‌గివింగ్ పండుగకు టర్కీ కోడిని కాల్చాలనుకుని, ఫోన్ యాప్‌తో పనిచేసే వైర్‌లెస్ మాంసం థర్మామీటరు కొన్నాము. ముందుగా ఒక మామూలు కోడిని కోయకుండా అలాగే ఓవెన్‌లో పెట్టి చూశాను. 165 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చిందని యాప్ గంట కొట్టింది కానీ, తీసి కోస్తే తొడ కీలు దగ్గర మాంసం పచ్చిగానే ఉంది. ఓవెన్‌ను 350 మీద పెడితే యాప్ మాత్రం ఓవెన్ వేడి 290 అని చూపింది. మధ్యలో కనెక్షన్ కూడా తెగిపోయింది. దీన్ని దుకాణంలో తిరిగి ఇచ్చేయమంటారా?
— ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: తిరిగి ఇచ్చే ముందు ఒక్కసారి పరీక్షించండమ్మా. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు వేసి, సందుల్లోకి నీళ్లు పోసి, మాంసంలో గుచ్చే పుల్లను, అంటే ప్రోబ్‌ను, దానిమీద ఉన్న గీత వరకు ముంచి కొద్ది నిమిషాలు ఆగితే యాప్‌లో 32 డిగ్రీలు కనిపించాలి. బ్లూటూత్ తరంగాలు నీళ్లను దాటలేవు కనుక రెండో కొసను నీటి పైనే ఉంచండి. ఒకటి రెండు డిగ్రీల తేడా పట్టించుకోనక్కరలేదు. ఈ పరీక్షలో నెగ్గితే మీ పరికరం బాగున్నట్లే.

ఇక పచ్చిగా మిగిలిన తొడ సంగతి. యాప్ చూపే అంకె కోడి మొత్తానికి సంబంధించినది కాదు, ప్రోబ్ మొన ఉన్న ఆ ఒక్క చోటుకు మాత్రమే సంబంధించినది. మొన ఎముకకు తగిలినా, కోడి లోపలి ఖాళీలోకి దూసుకుపోయి అక్కడి వేడిగాలిని తాకినా, మాంసం ఉడకకముందే అంకె పెరిగిపోతుంది. మీ విషయంలో ఈ రెండింటిలో ఒకటి జరిగి ఉండాలి, లేదా బ్రెస్ట్‌లో గుచ్చిన ప్రోబ్ బ్రెస్ట్ సంగతి సరిగ్గానే చెప్పి ఉండాలి. కీళ్ల దగ్గరి మాంసం బ్రెస్ట్ కంటే ఆలస్యంగా ఉడకడం మామూలే. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ కోడికీ టర్కీకీ తొడ లోపలి భాగంలోనూ, రెక్క లోపలి భాగంలోనూ, బ్రెస్ట్ బాగా మందంగా ఉన్న చోటా విడివిడిగా కొలవమంటుంది. అన్ని చోట్లా 165 డిగ్రీలు, అంటే సుమారు 74 డిగ్రీల సెల్సియస్, రావాలి. టర్కీ కడుపులో మసాలా కూరితే ఆ కూరు మధ్యలో కూడా అంతే రావాలి. కోడి మాంసంలో ఉండగల సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు ఆ వేడికి దాదాపు తక్షణమే చచ్చిపోతాయి.

ఒక ప్రోబ్‌తో ఇన్ని చోట్ల కొలవడం ఎలాగని అడుగుతారేమో. వైర్‌లెస్ ప్రోబ్‌ను ఎముకకు తగలకుండా తొడలో ఉంచి, గంట మోగాక మిగిలిన చోట్లను మామూలు డిజిటల్ థర్మామీటరుతో గుచ్చి చూడడమే నా సలహా. రంగును మాత్రం నమ్మకండి. ఎముక లోపలి మూలుగ వల్ల బాగా ఉడికిన కోడిలో కూడా కీళ్ల దగ్గర ఎరుపు కనిపించవచ్చు. మీరు చూసినది నిజంగా పచ్చిదనమా, లేక ఆ ఎరుపేనా అన్నది అక్కడ గుచ్చి కొలిస్తేనే తేలుతుంది.

350కీ 290కీ మధ్య తేడా గురించి ఆందోళన వద్దు. ఓవెన్ వేడిని కొలిచే సెన్సర్ ప్రోబ్ బయటి కొసలోనే, మాంసానికి అతి దగ్గరగా ఉంటుంది. చల్లటి మాంసం నుంచి తేమ ఆవిరవుతూ తన చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది కనుక అక్కడ అంకె తగ్గుతుంది. పై భాగం ఆరి ఎర్రబడేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. యాప్‌ను చూసి ఓవెన్ వేడి పెంచారంటే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది.

కనెక్షన్ తెగడానికి కారణం ఇనుప గోడలే. ఓవెన్ ఒక లోహపు పెట్టె, ప్రోబ్ కూడా చాలావరకు స్టీలే, సంకేతం బయటికి వచ్చేది దాని పింగాణీ కొస నుంచి. ఆ కొస ఓవెన్ అద్దం వైపు తిరిగి ఉండేటట్లు గుచ్చండి. చార్జింగ్ పెట్టె సంకేతాన్ని అందుకుని ముందుకు పంపే రకమైతే దాన్ని ఓవెన్‌కు దగ్గరలో, వేడి తగలని చోట పెట్టండి. ఫోన్‌లో బ్యాటరీ పొదుపు ఏర్పాటు వెనకాల నడిచే యాప్‌లను ఆపేస్తుంది కనుక ఈ యాప్‌కు దాని నుంచి మినహాయింపు ఇవ్వండి, లేకపోతే గంట మోగవలసిన వేళకు మోగదు. ఇక, ఇంకా ఇన్ని నిమిషాలని యాప్ చెప్పే లెక్క కేవలం అంచనా. మొదట్లో అది బాగా మారుతూ ఉంటుంది. అతిథులకు దాన్ని బట్టి భోజనం వేళ చెప్పకండి.

ప్రశ్న: మేక తొడను ఓవెన్‌లో పెట్టి, యాప్‌లో ఉన్నట్లే 145 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తీశాము. నమలలేకపోయాము. లెక్క తప్పా?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: లెక్క సరైనదే, కానీ అది ఆరోగ్యానికి చెప్పిన లెక్క. మేక, గొర్రె మాంసం కోయని పెద్ద ముక్కకు 145 డిగ్రీలు వచ్చి, బయటికి తీశాక మూడు నిమిషాలు ఆగితే తినడానికి భయం లేదు. ఖీమాకు మాత్రం 160 కావాలి, ఎందుకంటే పైన ఉండే సూక్ష్మజీవులు కొట్టేటప్పుడు లోపలంతా కలిసిపోతాయి. మెత్తదనం సంగతి వేరు. ముదురు మేక తొడలో కండను పట్టి ఉంచే కొలాజెన్ జిగురుగా కరగాలంటే ఎక్కువ వేడి ఎక్కువసేపు తగలాలి. మన ఇళ్లలో మాంసం చేతితో విడిపోవాలని కోరుకుంటాము కనుక, యాప్‌లో సొంత అంకె పెట్టుకునే వీలుంటే 195 నుంచి 205 మధ్య పెట్టి, ఓవెన్‌ను 300 దగ్గర ఉంచి, పాత్రను మూసి నిదానంగా ఉడకనివ్వండి. మధ్యలో ఎక్కడైనా అంకె చాలాసేపు కదలకపోతే, తేమ ఆవిరవుతూ వేడిని తీసుకుపోతోందని అర్థం. అప్పుడు మంట పెంచనక్కరలేదు, మూత బాగా బిగిస్తే చాలు.

ప్రశ్న: కచ్చి గోష్ట్ దమ్ బిర్యానీ హండీలో ఈ ప్రోబ్ పెట్టవచ్చా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పెట్టకండి. పిండితో అంచులు మూసిన లోహపు హండీలోంచి సంకేతం బయటికి రావడం కష్టం. అంతకన్నా ముఖ్యమైన కారణం, చాలా ప్రోబ్‌ల లోపలి ఎలక్ట్రానిక్స్ తట్టుకోగలిగే హద్దు 100 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోనే ఉండటం. మంటకు ఆనుకున్న హండీ అడుగు ఆ హద్దును సులువుగా దాటుతుంది, పెద్ద తొడ ముక్కలాగ ప్రోబ్‌ను గీత వరకు కప్పి కాపాడే మందం బిర్యానీ ముక్కల్లో ఉండదు. దమ్ విప్పాక అడుగు నుంచి లావుపాటి ముక్కను తీసి మామూలు డిజిటల్ థర్మామీటరుతో చూడండి. చికెన్ బిర్యానీ అయితే ఆ ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. రాకపోతే మూత పెట్టి, పెనం మీద సన్నటి సెగన మరికొంతసేపు ఉంచండి.