మన డీఎన్ఏలో ఎల్1 తన కాపీని ఎలా దూరుస్తుంది?

"ట్రాన్స్‌పోజాన్ ఉన్నచోటి నుంచి ఊడి వచ్చి ఇంకోచోట అతుక్కుంటుందా?" అని ఒకరు అడిగారు. ట్రాన్స్‌పోజాన్ అంటే జీనోమ్‌లో చోటు మారే, లేదా తన కాపీని వేరేచోట పెట్టే డీఎన్ఏ ముక్క. మొక్కజొన్నలో శాస్త్రవేత్త బార్బరా మెక్‌క్లింటాక్ పట్టుకున్నవి అలాంటివే. మనిషి జీనోమ్‌లో ఆ రకం 3 శాతం దాకా ఉన్నా, అవి కోట్ల ఏళ్ళ కిందటే చచ్చుబడ్డాయి. ఇప్పటికీ తన సొంత ప్రోటీన్లతో కదులుతున్నది లైన్-1 అనే ఇంకో రకం, అంటే ఎల్1. పాతది కదలదు, కొత్త కాపీ వేరేచోట పుడుతుంది.

పూర్తి ఎల్1 పొడవు సుమారు 6,000 డీఎన్ఏ అక్షరాలు (ఏ, టీ, జీ, సీ). దాని ఆర్ఎన్ఏ న్యూక్లియస్ బయటి సైటోప్లాజంలోకి వచ్చి రెండు ప్రోటీన్లను తయారు చేయిస్తుంది. అవి ఎక్కువగా తమను పుట్టించిన ఆర్ఎన్ఏనే పట్టుకుని న్యూక్లియస్‌లోకి వెళతాయి. అక్కడ ఆ రెండింటిలో ఒకటైన ఓఆర్ఎఫ్2 ప్రోటీన్ టీటీటీటీఏఏ లాంటి చోటు చూసి, టీకీ ఏకీ మధ్య డీఎన్ఏ పోగు ఒకదాన్ని కోస్తుంది. తెగిన కొసన టీలు, ఆర్ఎన్ఏ తోకలో వరసగా ఏలు. రెండూ జతపడగానే అదే ప్రోటీన్ ఆ కొసనే ప్రైమర్‌గా (రాత మొదలుపెట్టే ఆధారంగా) చేసుకుని అక్కడికక్కడే డీఎన్ఏ రాస్తుంది. రెండో పోగు కాస్త ఎడంగా తెగుతుంది. ఆ ఖాళీ పూడేసరికి కాపీకి రెండు పక్కలా ఒకే 7-20 అక్షరాల ముక్క మిగులుతుంది.

అసలు కీలకం ఇక్కడుంది. రాత తోక నుంచి తల వైపు సాగుతుంది కాబట్టి మధ్యలో ఆగితే పోయేది తలే. ఆర్ఎన్ఏ తయారీని మొదలుపెట్టించే ప్రమోటర్ ఉండేది తలలోనే. అది లేని కాపీ మళ్ళీ కాపీ కాలేదు. అందుకే 5 లక్షల ఎల్1లలో ఒక మనిషిలో కదలగలిగేవి 80-100 మాత్రమే. ఆలూ అనే ఇంకో 300 అక్షరాల ట్రాన్స్‌పోజాన్‌కు సొంత ప్రోటీనే లేదు. కాకి గూట్లో కోకిల గుడ్డులా ఎల్1 ఎంజైమ్ మీద బతికి 10 లక్షల కాపీలు దాటింది.

తల తెగిన కాపీ కూడా జబ్బు తేగలదు. 1988లో జన్యు శాస్త్రవేత్త కజాజియన్ బృందం 240 మంది హీమోఫీలియా-ఏ (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) రోగులను పరీక్షిస్తే, ఇద్దరిలో ఫ్యాక్టర్-8 జన్యువు 14వ ఎక్సాన్‌లో (ప్రోటీన్ కోడ్ ఉండే భాగం) ఎల్1 ముక్క దొరికింది. వాళ్ళ తల్లిదండ్రుల్లో అది లేదు. జన్యువు పాడవడానికి అది అక్కడ దూరడమే చాలు.

ఇంత తెలిసీ, ఇప్పటికీ చాలా జన్యు పరీక్షల రిపోర్టులు ఇలా దూరిన ముక్కలను వెతకకుండానే "నెగెటివ్" అనేస్తున్నాయి. ఇది సరికాదు. సీక్వెన్సింగ్ యంత్రం ఒకసారి చదివే 150 అక్షరాల ముక్కలో (రీడ్‌లో) సగం ఎల్1లో పడితే అది లక్షల చోట్లకు సరిపోతుంది, సాఫ్ట్‌వేర్ ఆ సగాన్ని పక్కన పెట్టేస్తుంది. పక్కన పెట్టిన ఆ కొసల్లోనే ఏల వరస కోసం వెతకాలి. రెండు పక్కలా ఒకే ముక్క ఉంటే ఎల్1 దూరిందనేది దాదాపు ఖాయం. పీసీఆర్‌తో (డీఎన్ఏ ముక్కను ఎన్నో కాపీలు చేసే పద్ధతి) నిర్ధారించేటప్పుడు ఎల్1 దూరని పొట్టి అల్లీలే (జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి) ముందు పెరిగి, పొడుగుది కనబడకుండా పోతుంది. డీఎన్ఏ రాసే మామూలు టాక్ ఎంజైమ్‌కు కిలోబేస్‌కు (వెయ్యి అక్షరాలకు) నిమిషం లెక్క. పూర్తి ఎల్1 అయితే 30 సెకన్ల ఎక్స్‌టెన్షన్‌తో (డీఎన్ఏ పొడిగించే దశతో) రానే రాదు. లాంగ్-రేంజ్ ఎంజైమ్ వాడండి, లేదా ఒక ప్రైమర్‌ను ఎల్1 లోపల, ఇంకోదాన్ని బయట పెట్టండి.