కీమో అయిపోయింది, పోర్ట్ ఇంకా ఉంది. నెలనెలా ఫ్లష్ తప్పదా?

పోర్ట్ అంటే కీమో మందు ఎక్కించడానికి ఛాతీ చర్మం కింద పెట్టే చిన్న డబ్బీ, పైన సిలికాన్ మూత, కింద పెద్ద సిరలోకి వెళ్లే గొట్టం. ఫ్లష్ అంటే అది మూసుకుపోకుండా కడగడం. మీరడిగినవి రెండు. అమ్మగారికి కీమో ముగిసి ఏడు నెలలైంది, ఫ్లష్ కోసం ప్రతి నెలా సిటీకి తీసుకెళ్లాలా అన్నది ఒకటి. పోయినసారి రక్తం వెనక్కి రాలేదన్నారు, పోర్ట్ పాడైనట్టేనా అన్నది రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నదే. కంపెనీ కరపత్రంలో నాలుగు వారాలని ఉంటుంది, చాలా ఆస్పత్రులు అదే పట్టుకుని కూర్చుంటాయి. వాడకంలో లేని పోర్ట్‌ను ఆరెనిమిది వారాలకు, కొన్నిచోట్ల పన్నెండు వారాలకోసారి కడుగుతున్నా ఇబ్బందులేమీ పెరగడం లేదు. మీ ఆంకాలజిస్టును అడిగి గడువు ఫైల్లో రాయించుకోండి. మూడు నెలల చెకప్‌కు ఎలాగూ వెళ్తారు, ఆ రోజే అది కూడా అయిపోతే బస్సు ఛార్జీలూ ఒక రోజు పనీ మిగులుతాయి.

నన్నడిగితే, పోర్ట్‌లు తేదీ తప్పి పాడవడం తక్కువ, కడిగే చేతుల్లో పాడవడమే ఎక్కువ. అందుకే ఆ పది నిమిషాలూ పక్కన నిలబడి చూడండి.

ముందు సూది. హ్యూబర్ సూదే కావాలి. మామూలు సూది సిలికాన్ మూతలోంచి సన్నటి ముక్కను కోసుకుపోతుంది, హ్యూబర్ సూది మొన వంపు వల్ల కోయకుండా దూరుతుంది. దానితో అయితే మూత వెయ్యి పోట్లు తట్టుకుంటుంది. (కనిపెట్టింది సియాటిల్‌కు చెందిన రాల్ఫ్ హ్యూబర్ అనే పళ్ల డాక్టరు!) పొడవు మనిషిని బట్టి ఉంటుంది. సన్నటివాళ్లకు 20 మిల్లీమీటర్లు సరిపోతుంది, ఒళ్లున్నవాళ్లకు 25 కావాలి. అడుగున గట్టిగా తగిలేదాకా దించాలి. పొట్టి సూది మూతలోనే ఆగిపోతే మందూ పోదు, రక్తమూ రాదు. పాపం, నింద మాత్రం పోర్ట్ మీద పడుతుంది.

సిరంజి 10 మిల్లీలీటర్లదే వాడాలి. చిన్న సిరంజితో నొక్కితే ఒత్తిడి ఎక్కువై గొట్టం చిట్లవచ్చు. ముందు కాస్త రక్తం లాగి చూసి, 10 మిల్లీలీటర్ల సెలైన్‌ను కొంచెం నొక్కి, ఆగి, మళ్లీ నొక్కుతూ ఎక్కించాలి. ఒకే ధారగా తోస్తే గోడలకు అంటుకున్నది కదలదు. చివర్లో రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు హెపారిన్, మిల్లీలీటర్‌కు 100 యూనిట్లది 5 మిల్లీలీటర్లు. ఆఖరి అర మిల్లీలీటర్ తోస్తుండగానే సూది గొట్టానికున్న క్లాంప్ (నొక్కి మూసే క్లిప్పు) వేయాలి, లేకపోతే రక్తం గొట్టం చివరికి వెనక్కి ఎక్కి అక్కడే గడ్డకడుతుంది.

హెపారిన్ విషయంలో నాకో పాత మంట ఉంది. మందుల షాపుల్లో మిల్లీలీటర్‌కు 1000 యూనిట్లదీ, 5000 యూనిట్లదీ రెండూ ఒకేలాంటి బుడ్డి సీసాల్లో ఉంటాయి. 1000దైతే అర మిల్లీలీటర్ తీసి నాలుగున్నర సెలైన్‌లో కలపాలి. అదే కొలత 5000 సీసాలోంచి తీస్తే ఐదింతల డోసు. లేబుల్ పైకి చదవమని అడగండి. నర్సుకు కోపమొస్తే రానివ్వండి.

ఇక మీ రెండో ప్రశ్న. సెలైన్ సులువుగా పోయి రక్తం మాత్రం రాకపోతే, గొట్టం చివర ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పదార్థం) పలచటి పొరగా పెరిగి ఉండొచ్చు. ఒకవైపే తెరుచుకునే తలుపులాంటిది: తోస్తే తెరుచుకుంటుంది, లాగితే మూసుకుంటుంది. చెయ్యి పైకెత్తమని, తల తిప్పమని, దగ్గమని, పడుకోమని చూడాలి. రాకపోతే సూది మార్చాలి. అప్పటికీ రాకపోతే ఛాతీ ఎక్స్‌రే తీసి, గొట్టం ఉన్నచోటే ఉందని తేలాక గడ్డను కరిగించే మందు ఆల్టెప్లేజ్ 2 మిల్లీగ్రాములు నింపి అరగంట నుంచి రెండు గంటలు ఉంచుతారు. చాలావాటికి దారి తెరుచుకుంటుంది, కాబట్టి పాడైందని అప్పుడే అనుకోవద్దు. కానీ రక్తం వచ్చేదాకా అందులో ఏ మందూ ఎక్కించనివ్వకండి. చెయ్యెత్తితేనే పనిచేస్తుంటే మాత్రం ఎక్స్‌రే వాయిదా వేయకండి. కాలర్ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య గొట్టం నలుగుతుండవచ్చు, తెగితే ముక్క గుండెలోకి పోతుంది.

ఇంట్లో స్నానానికి, పనికి అడ్డేమీ లేదు. కుడివైపు పోర్ట్ ఉండి కారు నడిపితే మన దగ్గర బెల్టు సరిగ్గా దాని మీదే రుద్దుకుంటుంది, మెత్తటి గుడ్డ చుట్టండి. అమెరికాలో అయితే ఆ బాధ పక్క సీటువాళ్లది. ఎడమవైపు ఉంటే పమిట పిన్ను జాగ్రత్త. ఊళ్లో ల్యాబ్ కుర్రాడిని దాని జోలికి రానివ్వొద్దు, రక్తం చేతినుంచే ఇవ్వాలి. సీటీ స్కాన్‌లో కాంట్రాస్టు మందును మెషిన్‌తో వేగంగా ఎక్కించాలంటే ఆ ఒత్తిడి తట్టుకునే పవర్ పోర్ట్ అయితేనే, కాబట్టి పోర్ట్ రకం రాసి ఉన్న కార్డు వెంట ఉంచండి. ఫ్లష్ అయిన గంటా రెండు గంటల్లో చలివణుకు వచ్చినా, ఎప్పుడైనా జ్వరం 100.4 దాటినా, ఆ వైపు చెయ్యి గానీ మెడ గానీ వాచినా పారాసిటమాల్ వేసి పడుకోబెట్టకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

అసలు మీరు అడగాల్సింది ఇంకొకటుంది: అది ఇంకా ఎందుకుంది? కీమో తర్వాత కూడా ఎక్కించే ట్రాస్టుజుమాబ్ లాంటి క్యాన్సర్ మందు నడుస్తుంటే సరే. స్కాన్లు బాగుండి, కొత్త మందేదీ అనుకోకపోతే తీయించేయమనే నేనంటాను. ‘తీస్తే మళ్లీ వస్తుందేమో’ అన్న భయానికి పోర్ట్‌తో ఏ సంబంధమూ లేదు. మత్తు సూది అక్కడికే ఇచ్చి అరగంటలో తీసేస్తారు, చాలామంది ఆ రోజే ఇంటికొచ్చేస్తారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. పెట్టినప్పటి నోట్స్‌లో గొట్టం ఎన్ని సెంటీమీటర్లో రాసి ఉంటే, తీశాక కొలిచి మొత్తం వచ్చిందని డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి.