బ్యాండ్ రాకపోతే ఎంజైము పాడైనట్టేనా?

ప్రశ్న: యుబిక్విటిన్ అనే చిన్న ప్రొటీన్‌ని మోసే ఈ2 ఎంజైము (పేరు యూబీఈ2డీ1) కొత్త ట్యూబు తెప్పించాం. దానికి యుబిక్విటిన్ అందించే ఈ1 ఎంజైము, యుబిక్విటిన్, శక్తినిచ్చే ఏటీపీ, మెగ్నీషియం కలిపి 37 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచాను. ప్రొటీన్లను బరువును బట్టి విడదీసే జెల్ మీద 17 కిలోడాల్టన్ల దగ్గర ఈ2 బ్యాండ్ (గీత) ఒక్కటే కనిపిస్తోంది. యుబిక్విటిన్ ఎక్కితే రావాల్సిన 25 దగ్గర ఏమీ లేదు. మూడుసార్లు ఇంతే. ట్యూబు పాడైందని గైడ్‌కి చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: అప్పుడే చెప్పకండి. ముందు నాకొకటి చెప్పండి: జెల్‌కి ఎక్కించేముందు ఏ శాంపిల్ బఫర్ కలిపారు? ల్యాబులో అందరూ వాడే ఆ నీలం బఫరేనా, డీటీటీ (ప్రొటీన్లలోని గంధకపు బంధాలను తెంచే రసాయనం) వేసింది? అది కలిపి 95 డిగ్రీల దగ్గర ఉడికించారా? మీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, ఇదొక్కటే లేదు. నా అనుమానం దానిమీదే.

యుబిక్విటిన్ ఈ2ని పట్టుకునేది ఒక సిస్టీన్ దగ్గర. మీ ఎంజైములో అది 85వ అమైనో ఆమ్లం. ఆ బంధం థయోఎస్టర్, అంటే సిస్టీన్‌లోని గంధకం మీదుగా ఏర్పడేది. డీటీటీ తగిలిందా, విడిపోతుంది. అంటే గొట్టంలో రియాక్షన్ చక్కగానే జరిగి ఉండొచ్చు, చూసేముందు మనమే దాన్ని చెరిపేసుకుంటాం. నేనూ ఇలాగే రెండు వారాలు పోగొట్టుకున్నాను. రెండో ట్యూబు కూడా తెరిచాక, పక్క బెంచీ సీనియర్ జెల్ వైపు చూసి "ఇందులో డీటీటీ ఉందా?" అని ఒక్క మాట అడిగాడు. సిగ్గేసింది.

ఈసారి రియాక్షన్‌ని రెండు భాగాలు చేయండి. ఒకదానికి డీటీటీ లేని బఫర్ కలిపి, ఉడికించకుండా ఎక్కించండి. రెండోదానికి మీ మామూలు బఫర్. జెల్‌లో రెంటికీ మధ్య ఒక బావి (శాంపిల్ పోసే గుంట) ఖాళీగా వదలండి, లేకపోతే డీటీటీ పక్కకి పాకుతుంది. ఏటీపీ వేయని రియాక్షన్ కూడా ఒకటి పెట్టుకోండి. 25 దగ్గరి బ్యాండ్ మొదటిదాంట్లో కనిపించి రెండోదాంట్లో మాయమైతే మీ ఎంజైము దివ్యంగా ఉంది. రెండింట్లోనూ నిలబడితే మాత్రం సంబరపడకండి: యుబిక్విటిన్ సిస్టీన్‌కి కాకుండా ఈ2లోని లైసీన్ అనే మరో అమైనో ఆమ్లానికి అంటుకుంది, ఆ బంధం డీటీటీకి లొంగదు. ఎక్కువసేపు ఉంచితే ఇలా జరుగుతుంది.

ట్యూబుతో వచ్చిన ద్రావణంలోనూ డీటీటీ ఉంటుంది కదా అంటారేమో. ఉంటుంది, సిస్టీన్ ఆక్సీకరణ చెందకుండా కొద్దిగా వేస్తారు. రియాక్షన్‌లో పలచబడ్డాక దానివల్ల పెద్ద ఇబ్బంది ఉండదు. శాంపిల్ బఫర్‌లో ఉండే మోతాదే వేరు.

డీటీటీ లేకుండా కూడా 25 దగ్గర ఏమీ రాకపోతే, ఈ2ని తిట్టేముందు ఏటీపీ మార్చండి. పీహెచ్ సరిచేయని ఏటీపీ ద్రావణం పుల్లగా ఉంటుంది, పదేపదే కరిగించి గడ్డకట్టిస్తే బలం పోతుంది. ఆ తర్వాత ఈ1. ఈ2 ఒంటరిగా ఏమీ చేయలేదు, దానికి యుబిక్విటిన్ అందించాల్సింది ఈ1 కదా. అంతవరకూ మిగిలిన ఈ2ని చిన్న చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80లో పెట్టండి.