జీన్ రిపోర్టు సంగతి తర్వాత, ఆ నరాల బిళ్లలు ఎవరు రాశారు?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, చిత్తూరు. ఐదేళ్లుగా పాదాలు తిమ్మిరి, తెలియకుండానే చెప్పు జారిపోతోంది. నాన్నకూ పిక్కలు సన్నబడ్డాయి. జీన్ టెస్టులో 8వ క్రోమోజోమ్‌పై ఎన్‌ఈఎఫ్‌ఎల్ జీన్‌లో ‘అర్థం తేలని మార్పు’ అని వచ్చింది. నాలుగేళ్లుగా మెడికల్ షాపులో నరాల బిళ్లలు కొని వాడుతున్నా. వచ్చే నెల అలిపిరి మెట్లెక్కాలి, మొక్కు ఉంది. మా పాపకూ టెస్టు చేయించాలా?

డాక్టర్ సలహా: పాపకు ఇప్పుడే వద్దు. నన్ను భయపెట్టింది మీ బిళ్లలు. స్ట్రిప్పు వెనక పైరిడాక్సిన్, అంటే బి6, ఎన్ని మిల్లీగ్రాములుందో చూడండి. మనిషికి రోజుకు కావాల్సింది సుమారు 2 మి.గ్రా., అదే ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో మింగితే ఆ విటమినే నరాలను దెబ్బతీసి అచ్చం ఇలాంటి తిమ్మిరే తెస్తుంది. షాపతను ఇచ్చాడని నాలుగేళ్లు మింగేస్తారా అండీ? టీబీ మందులతో పాటు డాక్టరు రాసినవైతే మాత్రం సొంతంగా ఆపకండి, ఆయన్నే అడగండి. షుగరు, బి12, థైరాయిడ్ టెస్టులు చేయించినట్టు మీరు రాయలేదు, అవి ఈ వారమే కావాలి.

ఇక జీన్. నరం పోగు లోపల దాని లావును నిలబెట్టే సన్నటి ప్రోటీన్ దారాలుంటాయి, న్యూరోఫిలమెంట్లు అంటాం. వాటి జీన్లలో రెండు 8వ క్రోమోజోమ్‌పై పక్కపక్కనే, మూడోది 22పై ఉన్నాయి. మీది ఆ మొదటి రెండింటిలో ఒకటి. అందులో లోపముంటే షార్కో-మారీ-టూత్ అనే వంశపారంపర్య నరాల జబ్బు రావచ్చని 2000లో తేలింది. కానీ ఆ జబ్బులో ఎక్కువగా కనిపించే రకం 17వ క్రోమోజోమ్‌పై ఒక ముక్క రెట్టింపు కావడం వల్ల వస్తుంది, జీన్ అక్షరాలను వరసగా చదివే సీక్వెన్సింగ్ ఒక్కటే చేస్తే అది తప్పిపోవచ్చు. అది చూశారో లేదో ల్యాబును అడగండి. నాన్నగారికి ఇదే మార్పు ఉందో లేదో చూపిస్తే సగం చిక్కు వీడుతుంది, ఆయనకు జబ్బు ఉండి ఈ మార్పు లేకపోతే కారణం బహుశా ఇది కాదు. ఇదే కారణమని తేలితే సాధారణంగా ఒక్కో బిడ్డకు 50 శాతం అవకాశం, పాప మాట అప్పుడు జెనెటిక్ కౌన్సెలర్‌తో మాట్లాడుకోవచ్చు.

కాళ్లకు స్పర్శ తెలియకుండా ఒట్టికాళ్లతో 3,550 మెట్లా! బొబ్బ లేచినా మీకు తెలియదు, అది పుండయ్యాక వస్తారు. మొక్కు వాయిదా వేసుకోండి, స్వామి ఏమీ అనుకోడు. రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోండి. చూడకుండా ఇంతకంటే చెప్పలేను, తిరుపతిలో న్యూరాలజిస్టును కలిసి, నరాల్లో సంకేతాలు ఎలా వెళ్తున్నాయో కొలిచే నెర్వ్ కండక్షన్ టెస్టు చేయించండి, వెళ్లేటప్పుడు ఆ బిళ్లల స్ట్రిప్పు, నాన్నగారిని వెంట తీసుకెళ్లండి.