చెరువును చెరువని పోల్చుకోనివ్వని ఫోటో

హనుమకొండ

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన పన్నెండు ఫోటోలను రెండు రోజుల పాటు బల్ల మీద పరచుకుని చూశాను. వాటిలో తొమ్మిదింటిని నైరూప్య చిత్రాలని, అంటే వస్తువు కన్నా గీతా రంగూ ముందు కనిపించే ఫోటోలని, పిలిచావు గాని, నాకవి మసకగా వచ్చిన ఫోటోలుగానే తోచాయి. అమెరికన్ ఫోటోగ్రాఫర్ పాల్ స్ట్రాండ్ 1916లో తీసిన వరండా నీడల ఫోటోను వెతికి చూడు. చారలన్నీ స్పష్టంగానే ఉంటాయి, అయినా అది వరండా అని పోల్చుకోవడానికి కొంతసేపు పడుతుంది. ఆ కొంతసేపే మనకు కావలసింది. వస్తువు పేరు తట్టేలోపు కన్ను గీత మీద, వెలుగు మీద, గరుకుదనం మీద తిరిగి రావాలి.

అందుకు మొదట కొలత తెలిపే వాటినన్నిటినీ చట్రం నుంచి తీసివేయాలి. నేను కొత్తలో భద్రకాళి చెరువు మీది అలలను ఒక రీలంతా తీసి, అందులో ఒకదాన్ని గొప్పగా పెద్దది చేయించుకున్నాను. చూసినవారందరూ కింది మూలన తేలుతున్న ఒక పల్లి పొట్టును చూపి, "చెరువేనా?" అన్నారు. గోరంత పొట్టు నా శ్రమనంతా మింగేసింది. మరో అమెరికన్ ఫోటోగ్రాఫర్ స్టీగ్లిట్జ్ 1920లలో మేఘాలను తీసినప్పుడు చాలా చిత్రాల్లో నేల జాడ లేకుండా చేయడం వెనుక ఉన్న తెలివి నాకు ఆ రోజు అర్థమైంది.

ఇక నీ సాధనకు వేయిస్తంభాల గుడి చాలు. ఉదయపు ఏటవాలు వెలుగులో, నునుపు తేలిన ఒక నల్లరాతి స్తంభాన్ని మాత్రమే ఎంచుకుని, దాని చుట్టూ చెక్కిన వలయాల దగ్గరికి లెన్స్ ఫోకస్ అందేంత వరకు జరుగు. ఎర్రచీర కట్టుకున్న ఎవరైనా పక్కనుంచి నడిస్తే, ఆ ఎరుపు వలయాల మీద సన్నని వంపుగీతలుగా విరిగిపోతుంది. రాతి మీద ఫోకస్ చేస్తే ఎరుపు కరిగిన రంగులా పరుచుకుంటుంది. ప్రతిబింబం ఉన్న దూరం వేరు కనుక, దాని మీద ఫోకస్ చేస్తే గీతలు పదునెక్కి రాయి మెత్తబడుతుంది. రెండూ తీసి పోల్చు. వెలుగును కొలిచే కెమెరా మీటరు నల్లరాతిని బూడిదరంగుగా చూపబోతుంది కాబట్టి ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరాలోకి చేరే వెలుగును, ఒక స్టాప్ (సగానికి) తగ్గించు. అక్కడ ట్రైపాడ్‌కు అనుమతి కావాలి. మోచేతులను పక్కటెముకలకు ఆనించి, ఊపిరి బిగబట్టి తీయడం నేర్చుకుంటే మంచిదే.

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి రాశుల దగ్గర మరో చిక్కు ఉంది. మొత్తం ఎక్స్‌పోజర్ సరిగానే కనిపించినా, ఎరుపు ఒక్కటే హద్దు దాటి మిర్చి తొడిమలు, ముడతలు అన్నీ ఒకే ముద్దగా మారుతాయి. వెలుగు, రంగుల పాళ్లను కెమెరా తెర మీద చూపే హిస్టోగ్రామ్‌ అనే పటంలో ఎరుపును విడిగా చూసుకో. వరంగల్ కొత్తవాడ మగ్గాల వద్ద షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని సెకనులో ఎనిమిదో వంతుకు దించితే, కదలని పడుగు దారాలు నిలబడి, నేతగాని చేయి మాత్రం పొగలా సాగుతుంది. ఇక్కడ మసకకు ఒక పని ఉంది, అందుకే దానికి నేను అభ్యంతరం చెప్పను. ఫోన్‌లో ఫిల్టర్లు వేసి సుళ్లు తిప్పే పద్ధతి మాత్రం నాకు రుచించదు. బహుశా నా వయసు దోషం.

వచ్చే ఆదివారం ఇంటికి రా. నాలుగో ఫోటో అసలు ఫైలు తెచ్చుకో. ఎడమ అంచున నీ వేలి నీడ పడింది. దాన్ని కత్తిరిస్తే ఆ చిత్రం నిలబడుతుందో లేదో ఇద్దరం కూర్చుని చూద్దాం.